సీటు రెండున్నర అంగుళాలు ముందుకు

ఖాతూన్బీకి చనిపోయిన మొగుడి మీద ఇప్పటికీ మిగిలిన ఫిర్యాదు ఒక్కటే. పెళ్ళయిన కొత్తలో ఆయన ఆమె పీటను రంపంతో కోశాడు.

గిద్దలూరు పుట్టింటి నుంచి తెచ్చుకున్న పీట అది, నల్లమల టేకు. దాని మీద కూర్చునే ఆమె రొట్టెలు కాల్చేది. మక్బూల్ సాయిబు ఒక పొద్దున దాన్ని షెడ్డులోకి తీసుకుపోయి, సాయంత్రానికి సగమే తెచ్చి ఇచ్చాడు. ఆ సగం ఇప్పటికీ వంటింట్లో నీళ్ళ కుండ కింద ఉంది.

"ఏందయ్యా ఇది అంటే, బండికి కావాల్సొచ్చింది అన్నాడు. బండికి పీటేందిరా ముస్తాకూ? అదేమన్నా కూసోని రొట్టెలు కాలుస్తాదా?"

అరవై రెండేళ్ళ ముస్తాక్ అహ్మద్ ఈ మాట పుట్టినప్పటి నుంచీ వింటున్నాడు. అన్నేళ్ళు విన్న మాటను ఎవరూ నిజంగా వినరు. ఆ సోమవారం అయితే అసలే వినలేదు, ఎందుకంటే చెవి దగ్గర ఫోను ఉంది. అవతల మద్రాసు నుంచి ప్రసన్నకుమార్, షెడ్డులోని పాత కారును ప్రదర్శనశాలకు తీసుకుపోతానన్నవాడు.

"గురువారం ట్రక్కు తీసుకుని వస్తున్నాను సార్. పందెంలో కారు నడిపినవాడి పేరు గురించి మా కమిటీలో అడిగాను. బోర్డు మీద రాయాలంటే ఏదో ఒక రుజువు చూపించాలంటున్నారు." అబ్బాయి మర్యాద తెలిసినవాడు. "మీ దగ్గర ఆధారం ఏమన్నా ఉందా సార్?"

ముస్తాక్ "చూస్తాను" అని ఫోను పెట్టేశాడు. అప్పటి నుంచి కూర్చోలేకపోయాడు. షెడ్డులోకి పోయాడు, వాకిట్లోకి వచ్చాడు, మళ్ళీ షెడ్డులోకి పోయాడు. టీ చల్లారిపోయింది. ఆ ప్రశ్న ఆయనకు కొత్తది కాదు. నలభై మూడేళ్ళ కింద, అదే షెడ్డులో, అవే మాటలు తన నోట్లోంచే వచ్చాయి.

షెడ్డులో ఉన్నది 1947లో ఇంగ్లండులో తయారైన ఎం.జి. కారు. రెండే సీట్లు, చెక్క చట్రం, పొడుగాటి ముక్కు. ఒకప్పుడు ఎర్రగా ఉండేది, ఇప్పుడు పాత ఇటుక రంగు. దాని మొదటి యజమానుల సంగతి ముస్తాక్ ఎప్పుడో తేల్చాడు. జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పినవాడికి అదేం పెద్ద పని కాదు. చెదలు కొరికిన ఆర్.సి. పుస్తకంలో మొదటి పేరు ఒక ఇంగ్లీషు రైల్వే ఇంజనీరుది, మకాం గిద్దలూరు. రెండో పేరు కంభంలో ప్రాక్టీసు చేసిన ఒక డాక్టరుది. మూడో పేరు చెన్నంశెట్టి శేషాద్రి, మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ పెట్టిన శెట్టిగారి చిన్నకొడుకు. నాలుగోది షేక్ మక్బూల్, అదే ఫ్యాక్టరీ లారీలు బాగుచేసిన మెకానిక్కు. యజమానుల వరస అలా నిక్కచ్చిగా ఉంది. చిక్కల్లా నడిపినవాడి దగ్గరే.

1961 ఫిబ్రవరి 12న, మద్రాసు దగ్గర షోలవరంలో, యుద్ధకాలపు రన్‌వే మీద జరిగిన పందెంలో ఈ కారు తన తరగతిలో మొదట వచ్చింది. అప్పటి కార్యక్రమ పుస్తకంలో నడిపినవాడి పేరు శేషాద్రి అని అచ్చయింది. కానీ మక్బూల్ చెప్పిన కథ వేరు. పందేనికి పది రోజుల ముందు, ముందు హ్యాండిలు తిప్పి బండి స్టార్టు చేస్తుంటే, అది వెనక్కి తన్ని శేషాద్రి కుడి మణికట్టు విరిగింది. పేరు ఇచ్చినవాడే నడపాలన్నది నియమం. పోటీ నుంచి తప్పుకోవాలంటే ఆ కుర్రాడికి ప్రాణం పోయినట్టయింది. హెల్మెట్టూ కళ్ళజోడూ పెట్టుకుంటే ముఖం ఎవరికి కనబడుతుంది? మక్బూల్ నడిపాడు. కప్పు శేషాద్రి అందుకున్నాడు.

శేషాద్రి బతికున్నన్నాళ్ళూ మక్బూల్ నోరు విప్పలేదు. 1966లో ఆ కుటుంబం మద్రాసుకు మారినప్పుడు శేషాద్రి కారును మక్బూల్ పేరున రాసిచ్చి పోయాడు, ఏమీ పుచ్చుకోకుండా. పదమూడేళ్ళకు ఆయన పోయిన కబురు వచ్చాక, మక్బూల్ టీ దుకాణం దగ్గర తొలిసారి ఆ సంగతి చెప్పాడు. మర్నాటికల్లా ఊళ్ళో 'రేసు సాయిబు' అయ్యాడు.

"ఏం రేసు సాయిబూ, కంభం బస్సు పోతా ఉంది, పట్టుకుంటావా?"

అయిదడుగుల రెండంగుళాల మనిషి. ఆరడుగుల శేషాద్రి సీట్లో ఆయన్ని ఊహించుకుని జనం ఇంకా నవ్వేవాళ్ళు. ఆయనా వాళ్ళతోపాటు నవ్వేవాడు, మళ్ళీ చెప్పేవాడు.

1981లో ముస్తాక్ బి.ఏ. చదువుతున్నాడు. చరిత్రకు ఆధారమే ప్రాణమని మేష్టారు చెప్పిన కొత్త. ఒక రోజు ఇంటికి వచ్చేసరికి నాయన ఎవరో లారీ డ్రైవరుకు షోలవరం కథ చెబుతున్నాడు. ముస్తాక్ పుస్తకాలు చంకలో పెట్టుకుని నిలబడి, "ఆధారం ఏమన్నా ఉందా నాయనా?" అన్నాడు. లారీ డ్రైవరు పగలబడి నవ్వాడు. మక్బూల్ స్పానరు కింద పెట్టాడు. ఒక్క క్షణం నేల వైపు చూశాడు. చేతులు గుడ్డకు తుడుచుకుని లోపలికి పోయాడు. ఆ తర్వాత పదమూడేళ్ళు బతికాడు గాని ఆ కథ మళ్ళీ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు శేషాద్రి మనవడు ప్రసన్న వచ్చి, కారును బాగుచేయించి పాత కార్ల ప్రదర్శనశాలలో పెడతానంటే, ముస్తాక్ అది ఎలా వచ్చిందో అలాగే తిరిగి ఇచ్చేస్తానన్నాడు. ఒక్కటే అడిగాడు. బోర్డు మీద నడిపినవాడి పేరు షేక్ మక్బూల్ అని ఉండాలి. అమ్మకు ఎనభై ఒకటి. ఆ బోర్డు ఫొటో ఆమెకు చూపించాలి.

మంగళవారమంతా బీరువాలు వెతికాడు. ట్రంకు పెట్టె బోర్లించాడు. కరెంటు బిల్లులు, పెళ్ళి పత్రికలు, చనిపోయిన భార్య మహజబీన్ కళ్ళద్దాల చీటీ దొరికాయి. ఆ చీటీని కాసేపు చేతిలో పట్టుకుని మళ్ళీ అక్కడే పెట్టాడు. నాయన రాతలో ఒక్క కాగితం లేదు. ఉండదు కూడా. మక్బూల్ కాగితం మీద రాసినవాడు కాడు. మార్కాపురంలో మెకానిక్కుకు కాగితమెందుకు? ఫ్యాక్టరీ వెనక ఎగుమతికి పనికిరాని పలకలు గుట్టలుగా పడి ఉండేవి. బండి రాగానే ఒక పలక తీసి, ఎవరి బండి, ఏ తేదీ, ఏమేం చెయ్యాలి అన్నది మేకుతో గీసి బండికి తగిలించేవాడు. పని అయి బండి బయటికి పోగానే ఆ పలకను...

ముస్తాక్ నడక ఆగిపోయింది.

నేలకు వేసేవాడు. షెడ్డు నేలంతా అవే, ఒకదాని పక్కన ఒకటి. గీతలు పాదాలకు గీరుకుంటాయని రాత కిందికి వచ్చేలా బోర్లించి పరిచేవాడు. నాయన ఆ రోజు నేల వైపు చూసింది సిగ్గుతో కాదు.

కానీ ఇప్పుడు ముస్తాక్ కాళ్ళ కింద ఉన్నది సిమెంటు. పద్దెనిమిదేళ్ళ కింద వానాకాలంలో ఆ పలకల మీద మహజబీన్ జారి పడితే, తనే దగ్గరుండి పలకలు పెరికించి సిమెంటు చేయించాడు.

"ఏందిరా అట్ల నిలబడినావు?" అంది ఖాతూన్బీ గడప దగ్గర నుంచి. "ఇంతసేపూ తిరిగి తిరిగి ఆ సిమెంటు అరగదీసినావు. ఇప్పుడు రాయి మాదిరి నిలబడినావు. కూసో అంటే మాత్రం కూసోవు."

"అమ్మా, ఆ పాత పలకలు ఏమైనాయి?"

"నన్నడుగుతావేంది? నీ పెండ్లామే గదా ఆ మేస్త్రీకి చెప్పింది, పగలగొట్టొద్దు, ఎవరికన్నా పనికొస్తాయి తీసుకపో అని."

ముస్తాక్‌కు ఆ మాట గుర్తు లేదు. కాలు కట్టుతో మంచం మీద పడుకుని కూడా మహజబీన్ ఆ మాట చెప్పి ఉంటుంది. ఆమె అలాంటి మనిషే.

బుధవారం పొద్దున్నే కంభం బస్సెక్కాడు. ఆ మేస్త్రీ పేరు విశ్వాసం, అతని ఊరు చెరువు కట్ట దిగువన చిన్న పల్లె. ఫోనులో అతను, "ఉండాయి సారూ, నా వాకిట్లోనే పరిచినా" అన్నాడు. అన్నాడే గాని, వాకిట్లో అడుగు పెట్టేసరికి అతని భార్య హన్నా నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

"పద్దెనిమిదేండ్ల నుంచి తొక్కుతా ఉండాం. ఇప్పుడొచ్చి నా వాకిలి తవ్వుతాడంట ఈ మనిషి. ఆదివారం మా ఇంట్లో ప్రార్థన కూడిక ఉందన్నా. పాస్టరు గారిని బురదలో కూసోబెట్టాల్నా?"

"ఆయన నిలబడే చెప్తాడు లేవే" అన్నాడు విశ్వాసం.

"నిలబడితే ఇంకా ఎక్కువసేపు చెప్తాడు."

ముస్తాక్ చెప్పులు విడిచి, పలకల మీద నిలబడి, "అక్కా, మా నాయన ఒక మాట చెప్పినాడు. నేను నమ్మలేదు. నలుగురిలో నవ్వులపాలు చేసినా. అది నిజమని వీటిలో ఒకదాని కింద రాసి ఉంటాది" అన్నాడు.

హన్నా ఆయన ముఖం చూసింది. లోపలికి పోయి గడ్డపార తెచ్చి మొగుడి చేతికిచ్చింది. "ఎట్ల ఉండాయో అట్లనే మళ్ళా పరచాల" అంది.

విశ్వాసం ఒక్కొక్క పలకే లేపుతుంటే, ముస్తాక్ బకెట్లో ముంచి, మట్టి కడిగి, ఎండకు ఏటవాలుగా పట్టి చూశాడు. తడి ఆరేకొద్దీ గీతలు తెల్లగా తేలాయి. *డాక్టరు జీపు, క్లచ్చి జారతాది. దోర్నాల బస్సు, రేడియేటరు కారతాది, డ్రైవరు మంచోడు. తర్లుపాడు కరణం గారి మోటారు సైకిలు, ఏమీ లేదు, పెట్రోలు అయిపోయింది.* ఆ చివరిది చూసి విశ్వాసం నవ్వాడు. ముస్తాక్ నవ్వబోయి ఊరుకున్నాడు. నాయన గొంతు ఇంత దగ్గరగా విని ముప్పై ఏళ్ళయింది.

రెండు దాటింది. ఎనభై మూడు పలకలు లేపారు. అన్నీ అరవై ఎనిమిది తర్వాతివే. హన్నా మజ్జిగ తెచ్చి ఇస్తే తాగకుండానే పక్కన పెట్టాడు. ప్రసన్న పొద్దునకల్లా వచ్చేస్తాడు. పాతవి పగిలిపోయి ఉంటే? ఏ గోడ కిందనో పూడిపోయి ఉంటే?

"అన్నిటికంటే పెద్దయి రెండు ఉండాల గదా" అంది హన్నా మొగుడితో. "నా బిందెల కింద వేసినావు చూడు."

విశ్వాసం నాలుక కరుచుకున్నాడు. ముగ్గురూ కలిసి నీళ్ళ బిందెలు దించారు. రెండు పలకలూ నాచు పట్టి ఉన్నాయి. ముస్తాక్ పీచుతో రుద్దాడు. రాయడం కొత్తగా నేర్చిన చెయ్యి, అక్షరాలు పెద్దవి.

*4-2-61. శేషాద్రి బాబు ఎర్ర బండి. బ్రేకు డ్రమ్ములు నాలుగు. కార్బురేటర్లు రెండు విప్పి కడగాల. సీటు రెండున్నర అంగుళాలు ముందుకు. పెడళ్ళు మూడింటికి టేకు చెక్క.*

రెండోది:

*16-2-61. ఎర్ర బండి. సీటు పాత తావుకు. పెడళ్ళ చెక్కలు తీసినా. ముందు కుడి టైరు అరిగిపోయింది.*

ముస్తాక్ తడి నేల మీదే కూర్చున్నాడు. సోమవారం నుంచి ఆయన నిమ్మళంగా కూర్చున్నది అదే మొదటిసారి.

హన్నా కూడబలుక్కుంటూ చదివింది. "ఇంతేనా? రేసని యాడుంది? మీ నాయన పేరు యాడుంది?"

"ఆరడుగుల మనిషికి సీటు ముందుకు ఎందుకక్కా? కాళ్ళు ఇరుక్కుంటాయి గదా. పెడలు కాలికి అందనోనికే చెక్క కట్టాల." ముస్తాక్ తేదీల మీద వేలు పెట్టాడు. "పందెం పన్నెండో తేదీ. నాలుగున ముందుకు జరిపినాడు. పదహారున వెనక్కి తోసినాడు."

"పొట్టిగా ఉంటాడా మీ నాయన?"

"నీ అంత ఉంటాడు."

"అయితే ఆయనే" అని తేల్చేసింది హన్నా.

టేకు చెక్క అన్నది బస్సెక్కాక గాని ఆయన బుర్రకు ఎక్కలేదు. ఎక్కగానే ఒంటరిగా నవ్వాడు. హన్నా పాతచీరలో చుట్టి ఇచ్చిన పలకలు ఒళ్ళో బరువుగా ఉన్నాయి. కండక్టరు చూసి, "ఏంది సారూ, మార్కాపురానికి పలకలు మోసుకపోతా ఉండావా? ఈసారి కంభం చెరువుకు బిందెతో నీళ్ళు తీసుకపో" అన్నాడు. అని, కిటికీ పక్క సీట్లో ఉన్న కుర్రాణ్ణి లేపి ఆయనకు చోటిచ్చాడు.

ఇంటికి రాగానే టార్చి పట్టుకుని కారు కింద దూరాడు. సీటు పట్టాలకు తుప్పు గీకి చూస్తే, బోల్టులు బిగించిన తూట్లకు రెండున్నర అంగుళాల ముందు ఇంకో నాలుగు తూట్లు, చేత్తో తొలిచినవి. తెల్లారేదాకా ఆయనకు నిద్ర పట్టలేదు. ఇంతకుముందు ఆధారం లేదని బెంగ. ఇప్పుడు ఆధారం ఉండి, అవతలివాడు కాదంటే ఏం చెయ్యాలని బెంగ.

గురువారం తొమ్మిదికి ప్రసన్న వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, తలుపు దగ్గర వంగి లోపలికి వచ్చాడు. వాళ్ళ తాత పొడుగు. పలకలు చదివాడు. ఫోను లైటు వేసి తూట్లు చూశాడు. కారులో ఎక్కి కూర్చున్నాడు. సీటు మామూలు తావులో ఉండగానే అతని మోకాళ్ళు స్టీరింగుకు ఆనుకున్నాయి.

స్టీరింగును ఒకసారి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది రాస్తే మా తాత అందర్నీ మోసం చేసినట్టవుతుంది సార్" అన్నాడు చివరికి. "ఆ కప్పు మా హాల్లో అద్దాల బీరువాలో ఉంది. దాన్ని చూస్తూ పెరిగాం."

ముస్తాక్ రాత్రంతా వాదనలు అల్లాడు గాని, ఆ అబ్బాయి ముఖం చూస్తే ఒక్కటీ గుర్తు రాలేదు. తను పందొమ్మిదేళ్ళప్పుడు పుస్తకాలు చంకలో పెట్టుకుని నిలబడిన చోటే ఇప్పుడూ నిలబడి ఉన్నాడు. అప్పుడు నిజం అడిగి ఒక మనిషిని నోరు మూయించాడు. ఇప్పుడు నిజం చూపించి ఇంకొకణ్ణి...

"మీ తాత పేరు తీసెయ్యమని నేను అడగను" అన్నాడు మెల్లగా. "మా నాయన ఆయన బతికి ఉండగా ఒక్క మాట బయట పెట్టలేదు. నేను మాత్రం ఎందుకు పెడతా, నీకు ఇష్టం లేకుంటే? పలకలు నువ్వే తీసుకపో. ఏం చెయ్యాలో నీ ఇష్టం."

అలా అని పలకలు ప్రసన్న వైపు జరిపాడు. చేతిలో ఉన్న ఒక్క ఆధారాన్నీ ఇచ్చేస్తున్నాడు.

అప్పుడే వంటింట్లోంచి ఖాతూన్బీ సగం పీట పట్టుకుని వచ్చింది. రాత్రి కొడుకు చెప్పగానే ఆమె దాన్ని కుండ కింద నుంచి తీసి కడిగి ఆరబెట్టి ఉంచింది. "ఇదో నాయనా, మిగతా సగం. తిరిగొచ్చినాక ఆ చెక్కలేమైనాయో, పొయ్యిలో పెట్టినాడేమో. మీ తాత విరిగిన చేత్తో మా ఇంటికొచ్చి ఇదే అరుగు మీద కూసోని అన్నం తిన్నాడు. ఎడమ చేత్తో తినలేకుంటే మా ఆయన కలిపి ముద్దలు పెట్టినాడు. నాకు కొత్త. తలుపు సందున చూసి, మొగోళ్ళు ఇట్ల కూడా ఉంటారా అనుకున్నా."

ప్రసన్న తలెత్తాడు. "ఎడమ చేత్తోనా?"

"కుడిదానికి కట్టు గదా."

అతను కారు దిగాడు. కాసేపు పీట వంకా పలకల వంకా చూశాడు. "మా ఇంట్లో ఫొటో ఉందమ్మా. తాత కప్పు ఎడమ చేతిలో పట్టుకుని ఉంటాడు. కుడి చెయ్యి కోటు జేబులో. మా నాన్న చిన్నప్పుడు ఆ ఫొటో చూసి అలాగే జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడేవాడట. ఇంట్లో అందరూ అది స్టయిలు అనుకునేవాళ్ళం."

బయట ట్రక్కు డ్రైవరు హారను కొట్టాడు.

"రాస్తాను సార్" అన్నాడు ప్రసన్న. "పేరిచ్చింది శేషాద్రి, నడిపింది మక్బూల్ అని. మణికట్టు సంగతి కూడా. మా నాన్నకు ఎలా చెప్పాలో తెలియదు గాని, రాస్తాను. పలకలు పక్కనే పెడతాం."

"పీట ఖాతూన్బీదని కూడా రాయి" అంది ఖాతూన్బీ.

కారును తాళ్ళతో కట్టి ట్రక్కు మీదికి ఎక్కించేసరికి మధ్యాహ్నమైంది. అది మలుపు తిరిగిపోయాక షెడ్డు మరీ పెద్దదిగా కనబడింది. ముస్తాక్ కాసేపు అందులో ఇటూ అటూ తిరిగాడు. తర్వాత పెరట్లో పడి ఉన్న ఒక పాత పలక తెచ్చి, మేకు వెతికి, గడప మీద కూర్చుని గీశాడు. ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద రాసిన చెయ్యి, మేకు మాట వినలేదు. *ఎర్ర బండి. టైర్లకు గాలి పట్టినా. అద్దం తుడిచినా. నడిపింది మక్బూల్. బండి పోయింది.*

పరచడానికి చోటు లేదు. అంతా సిమెంటు. గడప పక్కన మట్టిలో కాస్త గుంట చేసి, రాత పైకి ఉంచి పెట్టాడు.

"ఏందిరా అట్ల పెట్టినావు?" అంది తల్లి వెనక నుంచి. "బోర్లించు. పొద్దున లేస్తానే నా కాళ్ళకు గీరుకుంటాది."

ముస్తాక్ ఇంకొక్కసారి చదువుకుని, పలక బోర్లించాడు.